తాపీకి అవతలి గది

వదిన వాళ్లు సూరత్ చూడటానికి వస్తున్నారని ఫోన్ వచ్చినప్పుడు నేను కూలికి తెచ్చుకున్న చీర మీద స్టోన్లు అతికిస్తున్నాను. చేతుల నిండా జిగురు. అందుకని ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పడేశాను. ఆ ఒక్క పని చేయకపోయి ఉంటే ఇంట్లో అంత రభస జరిగేది కాదు.

"చెల్లే, పిల్లలకు సెలవులున్నయ్. నలుగురం వస్తున్నం. మంచి హోటల్ ఏ ఏరియాల దొరుకుతదో జర చూసి చెప్పు," అన్నాడు అన్నయ్య.

అన్నయ్య అంటే వదిన భర్త. వదిన అంటే మా ఆయన అక్క. వాళ్లుండేది సిరిసిల్లలో. గోడకానుకుని బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఫోన్ పెట్టేయగానే అందుకుంది.

"హోటలా? తల్లిగారిల్లు ఉన్న ఊర్లె ఆడిబిడ్డ హోటల్ల దిగుతదా? నా ఇల్లు అల్లుని కంటికి ఆనలేదు."

ఆమె బాధకు అర్థం ఉంది. మామయ్య బతికి ఉన్నన్నాళ్లూ, ఆయన పోయాక కూడా, వీళ్లంతా ఇక్కడే సూరత్‌లో, పర్వత్ పాటియాలో అద్దె గదుల్లోనే ఉన్నారు. మామయ్య సాంచాల మీద బట్ట నేసేవాడు, అత్తమ్మ నూలు కండెలు చుట్టేది. వదిన పుట్టి పెరిగిందీ ఆ గదుల్లోనే. పెళ్లయి సిరిసిల్ల వెళ్లిపోయింది. మా వైపు ఆడపిల్లకు అయిదేళ్లకో ఏడేళ్లకో తల్లిగారింట్లో ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, పోకలు, రవిక గుడ్డ, అన్నీ దోసిళ్లతో ఆమె కొంగులో పోసి నడుముకు కట్టి అత్తగారింటికి సాగనంపుతారు. అద్దె ఇంట్లో ఒడిబియ్యం పోయనని అత్తమ్మ పంతం. అందుకే ప్రతిసారీ బియ్యం మూట రైల్లో మోసుకుపోయి, సొంతూళ్లో తన మరిది వాళ్ల ఇంట్లో కూర్చోబెట్టి పోసి వచ్చేది. ఎవరి ఇంట్లోనో తన బిడ్డకు తల్లిగారిల్లు చూపించడం ఆమెకు ఎంత నామోషీయో నాకు చాలాసార్లు చెప్పింది.

నిరుడు డిండోలిలో చిన్న ఇల్లు కొన్నాం. కింద ఒక గది, వంటిల్లు, పైన ఇంకో గది. గృహప్రవేశానికి వదిన రాలేకపోయింది, అప్పుడే వాళ్ల అత్తగారి కాలు విరిగింది. అప్పటినుంచీ పైగదికి అత్తమ్మ "బిడ్డ అర్ర" అని పేరు పెట్టేసింది. ఆ గదిలో చదువుకునేది నా కూతురు. అయినా పేరు మాత్రం వదినదే. కొత్త పరుపు కొని, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా వదిన కోసం దాచింది. ఇప్పుడా బిడ్డ వచ్చి ఒక్క రాత్రయినా ఈ ఇంట్లో నిద్ర చేయకుండా పోతే ఇల్లు కొని ఏం లాభం అని ఆమె లెక్క.

నా సంగతి చెప్పాలంటే, హోటల్ అన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము. సూరత్ తిరగడానికి వచ్చినవాళ్లు నలుగురు, మేం నలుగురం. పొద్దున్నే నీళ్లు కాచిపోయడం దగ్గర మొదలుపెడితే రాత్రి గిన్నెలు తోమేదాకా ఆ తిరగడమంతా నేను వంటింట్లోనే తిరగాలి. కానీ కోడలు అన్నాక ఆ సంతోషం ముఖంలో కనిపించకూడదు. నేను కూడా "అయ్యో, హోటలేంది అత్తమ్మా" అని నాలుగు మాటలు అన్నాను.

ఆ సాయంత్రం హోటల్ ఏ పేటలో తీసుకోవాలని ఇంట్లో పంచాయితీ కూర్చుంది. మా ఆయన ఇచ్ఛాపూర్లో ఒక ఫ్యాక్టరీకి పోతాడు. ఆయనకు సూరత్ అంటే ఇంటి నుంచి ఇచ్ఛాపూర్ దాకా ఉన్న రోడ్డు.

"ఇచ్ఛాపూర్ల తీసుకో. పెద్ద పెద్ద ఇంజనీర్లు దిగుతరు ఆడ," అన్నాడు.

"ఆడ ఏం చూస్తరు, పొగ గొట్టాలా?" అన్నాను.

"మమ్మీ, డుమస్ రోడ్ సైడ్ లే నా. బహు మస్త్ ఛే," అంది నా కూతురు ఫోన్లోంచి తల ఎత్తకుండా. దాని తెలుగు ఎప్పుడూ మూడు భాషల ఖిచిడీ. సముద్రం వైపు చాలా బాగుంటుందని దాని ఉద్దేశం.

"గవన్నీ నాకు తెల్వయ్," అంది అత్తమ్మ. "హోటలే గావాల్నంటే గీ పక్కనే ఉధ్నాల తీసుకోండ్రి. కారేజి గట్టి పంపితె అన్నం వేడి మీద వోవాలె. రోజూ పొద్దుమాపు నేను పోయొస్త."

పంచాయితీ తేలలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి వదిన నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"పిల్లా, ఫోన్ స్పీకర్ల లేదు గదా?"

"లేదొదినా."

"హోటల్ మీ అన్న ఆలోచన గాదు. నాదే. అవ్వకు చెప్పకు."

అవ్వ అంటే ఆమెకు అమ్మ, మా అత్తమ్మ. వదిన మళ్లీ అందుకుంది.

"ఈడ తెల్లారి లేస్తె మా అత్త పని, పిల్లల పని, మిగిలిన పొద్దంత బీడీలు చుట్టుడు. ఎవ్వలింటికి వోయినా నా కండ్లకు పనే కనవడ్తది. అవ్వ దగ్గరికొచ్చినా అంతే. అవ్వ వంగి ఊడుస్తుంటె నేను పండుకుంటనా? నువ్వు రొట్టెలు చేస్తుంటె నేను కూసుంటనా? నాకు రెండు మూడు దినాలు ఎవ్వలిది గాని ఇంట్ల పండుకోవాల్నని ఉన్నది. తలుపు ఎవ్వలు గొట్టొద్దు. దగ్గర తీసుకోకు పిల్లా. అవ్వ రోజూ రాలేనంత దూరం చూడు. మనోళ్లు లేని జాగ చూడు."

ఆ చివరి మాటకు నాకు నవ్వొచ్చింది, తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ పోయినప్పటినుంచీ నాకు తల్లిగారిల్లంటూ లేదు. ఒడిబియ్యం పోసేవాళ్లూ లేరు. అన్నీ ఉన్న మనిషి కూడా హోటల్ గది కోరుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అయినా వదిన చెప్పింది నాకు ఇట్టే అర్థమైంది. అట్లాంటి గది దొరికితే నేనూ పోయి పడుకునేదాన్ని.

ఇక హోటళ్లు చూడటానికి బయలుదేరాను. నేను ఒక్కదాన్నే పోదామనుకుంటే అత్తమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నా బిడ్డ పండుకునే మంచం నేను చూడొద్దా అని.

ముందు స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జికి తీసుకెళ్లాను. అక్కడంతా మార్కెట్లో చీరలు కొనడానికి వచ్చే వ్యాపారులే. వరండా పొడవునా బట్టల మూటలు, వాటి మీద కునుకు తీస్తున్న మనుషులు. అత్తమ్మకు తెగ నచ్చింది. మూటల మీద చెయ్యేసి నిమిరింది కూడా. నాకు నచ్చలేదు. వదినకు పని గుర్తు చేయడానికి ఆ మూటలు చాలు.

తర్వాత డుమస్ వైపు పోయాం. అక్కడ కౌంటరులో ఉన్న అమ్మాయి సముద్రం ఎంత దగ్గరో చెప్పడం మొదలుపెట్టింది. ఎంత దగ్గరని చెబితే అత్తమ్మ ముఖం అంత ముడుచుకుంది. "సముద్రం గాలికి పిల్లలకు సర్ది పడ్తది," అని తేల్చేసి బయటికి నడిచింది.

ఆఖరికి తాపీ నది దాటి అడాజన్ చేరాం. మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల సందులో, రెండు అపార్టుమెంట్ల మధ్య ఒదిగిన చిన్న హోటల్. మూడో అంతస్తులో గది. కిటికీ తీస్తే రెండు మేడల మధ్యలోంచి కాస్త నది కనిపించింది. చుట్టుపక్కల తెలుగువాడు అన్న జాతి లేదు. మా ఇంటినుంచి రావాలంటే షేర్ ఆటో, బస్సు, మళ్లీ ఆటో. వదిన చెప్పినవన్నీ ఉన్నాయి.

అత్తమ్మ ముందు దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. కర్టెన్ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత గది చూపిస్తున్న మనిషిని తన కార్ఖానా హిందీలో అడిగింది.

"ఝాడూ కౌన్ మార్తా?"

"హమారా స్టాఫ్ హై, మాజీ. రోజ్ సఫాయీ కరేగా."

"మేరీ బేటీ నహీ మారేగీ?"

"నహీ నహీ, మాజీ," అని ఆయన నవ్వాడు.

తన బిడ్డ ఊడ్వక్కర్లేదన్న ఆ జవాబు అత్తమ్మకు అంతుపట్టలేదు. మెట్లు దిగుతూ, "పొద్దుగాల లేచి ఊడ్వకుంట ఎట్లుంటది అది? దానికి ఏం దోస్తది?" అని గొణిగింది.

ఇంత దూరం ఎందుకని అడిగితే ఏం చెప్పాలో దారిలోనే ఆలోచించి పెట్టుకున్నాను. అన్నయ్యకు గాలీ వెలుతురూ కావాలట, కిటికీలోంచి నది కనిపించాలట అన్నాను. పాపం, అన్నయ్యకు సిరిసిల్లలో కిటికీ తెరిచే అలవాటే లేదు.

"అల్లునికి నది గావాల్నట," అని అత్తమ్మ ఆ మాటను వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది. నేను తలొంచుకుని స్టోన్లు అతికించుకున్నాను.

వాళ్లు వచ్చారు. స్టేషన్ నుంచి హోటల్‌కు పోయి, సామాను పెట్టి, స్నానాలు చేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చారు. వదిన గుమ్మంలో ఆగి గోడను అరచేత్తో తడిమింది. పైగదికి పోయింది, పరుపు నొక్కి చూసింది, కిటికీలోంచి వీధి చూసింది. అత్తమ్మ వెనకాలే తిరుగుతూ కుళాయి తిప్పి నీళ్లు చూపించింది, స్విచ్చులు వేసి లైట్లు చూపించింది. ఆ కాసేపట్లో ఆమె వయసు సగం తగ్గిపోయింది.

తర్వాత నేను చూస్తుండగానే వదిన కొంగు బొడ్లో దోపుకుని వంటింట్లోకి వచ్చేసింది. నేను వద్దంటున్నా గరిటె లాక్కుంది. అందరికీ వడ్డించింది, చివర్న తింది, గిన్నెలు కూడా కడిగేసింది. చెయ్యి తుడుచుకుంటూ నావైపు చూసి, చెప్పానా లేదా అన్నట్టు నవ్వింది.

చీకటి పడుతుండగా వాళ్లు హోటల్‌కు బయలుదేరారు.

"పైన పరుపు ఉత్తగ ఉన్నది బిడ్డా," అంది అత్తమ్మ.

"పైసలు కట్టినం గదా అవ్వా," అంది వదిన, తల్లి ముఖం చూడకుండా. ఆటో మలుపు తిరిగేదాకా అత్తమ్మ గేటు దగ్గరే నిలబడింది. నాకు జాలేసింది, కానీ మాటిచ్చాను కదా, నోరు కుట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే అత్తమ్మ ఉప్పుడుపిండి చేసి, చింతకాయ తొక్కు పెట్టి క్యారేజీ కట్టేసింది. షేర్ ఆటో, బస్సు, మళ్లీ ఆటో ఆమెను ఆపలేకపోయాయి. చేసేదిలేక నేనూ వెంట పోయాను. మేం పోయేసరికి కింద సోఫాలో అన్నయ్య ఒక్కడే చాయ్ తాగుతున్నాడు. పిల్లలిద్దరూ నది ఒడ్డుకు పోయారట. అత్తమ్మను చూసి గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"ఇంక పండుకున్నదా? పానం బాగలేదా?" అంది అత్తమ్మ.

"పానం మంచిగనే ఉన్నది. లేపుత ఉండుండ్రి."

"గింత పొద్దెక్కినంక పండుకునే పిల్ల గాదు నా బిడ్డ."

"గదే గావాల్నట అత్తమ్మా దానికి," అని అన్నయ్య నవ్వేశాడు. "ఎవ్వలు లేపని తాన పండుకోవాల్నని చిన్నపిల్ల లెక్క పట్టువట్టింది. నేనైతె మీ ఇంట్లనే దిగుదుమంటి."

నేను ఆయనకు కళ్లతో సైగ చేశాను. ఆయన నా సైగ చూసి, ఏమైందని నన్నే అడిగాడు. ఇంక దాచడానికి ఏముంది.

అత్తమ్మ అన్నయ్య వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది. "లేపకు," అంది. అంతే. నేను ఆమె పక్కన కూర్చుని గోడ మీద తాజ్‌మహల్ బొమ్మను చూస్తూ ఉండిపోయాను. అన్నయ్య రెండోసారి చాయ్ తెప్పించాడు.

చాలాసేపటికి వదిన దిగొచ్చింది. జుట్టు రేగి ఉంది, చెంప మీద దిండు ముడతలు అచ్చుపడ్డాయి. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను అట్లా నేనెప్పుడూ చూడలేదు. తల్లిని చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"అవ్వా, నీ ఇల్లు నచ్చక గాదు."

"ఎర్కనే. తిను, చల్లారుతది," అంది అత్తమ్మ, క్యారేజీ గిన్నెలు విప్పుతూ.

తిరిగొస్తుంటే బస్సు వంతెన మీదికి ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్న అత్తమ్మ కింద నీళ్ల వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"పనంత నేనే నేర్పిన దానికి. కండెలు చుట్టనిదే బడికి ఎన్నడు పంపలే. ఊకె కూసునుడు ఒక్కటి నేర్పలే."

ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను కానీ మాకు అట్లాంటి అలవాటు లేదు. టికెట్టు మడిచి ఆమె చేతిలో పెట్టాను.

ఆ తర్వాత అత్తమ్మ హోటల్ ఊసెత్తలేదు, క్యారేజీ కట్టలేదు. వాళ్లు డుమస్ పోయి టొమాటో భజియాలు తిన్నారు, మార్కెట్లో చీరలు కొన్నారు, నా కూతురు వాళ్లకు గైడు. వదిన సగం చోట్లకు పోకుండా గదిలోనే పడుకుందని అది ఇంటికొచ్చి ఆశ్చర్యంగా చెప్పింది. అత్తమ్మ విని ఊరుకుంది. ఆమె అంత నెమ్మదిగా ఉంటే నాకు భయమేసింది.

వాళ్లు తిరిగి వెళ్లేరోజు సాయంత్రం ఉధ్నా స్టేషన్లో రైలు. ఒడిబియ్యం మామూలుగా ఇంట్లోంచి కదిలే ముందు పోస్తారు. అత్తమ్మ మాత్రం ముందురోజే వదినకు ఫోన్ చేసి, హోటల్ ఖాళీ చేసి పొద్దున్నే వచ్చేయమంది.

"గంత పొద్దుగాల ఎందుకవ్వా?"

"మంచి గడియ పొద్దుగాలనే ఉన్నది."

ఆమె చూసి చెప్పిన క్యాలెండరు నిరుటిది. అది నేనొక్కదాన్నే గమనించాను.

పొద్దున్నే వదినను కింద గదిలో పీట మీద కూర్చోబెట్టాం. అత్తమ్మ కొత్త చీర పెట్టింది, అన్నయ్యకు బట్టలు పెట్టింది. పసుపు బియ్యం దోసిళ్లతో వదిన కొంగులో ఒక్క గింజ కింద పడకుండా పోసింది. తన గడప లోపల, తన గోడల మధ్య పోయడం ఆమెకు అదే మొదటిసారి. కుడుకలు, పోకలు, ఖర్జూరాలు వేసి, కొంగు ముడి బిగించి వదిన నడుముకు కట్టింది. బియ్యం చాలా ఎక్కువ పోసింది. వదిన లేచి నిలబడటానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

లేచీ లేవగానే వదిన కాళ్లు వంటింటి వైపే నడిచాయి.

"యాడికి?" అంది అత్తమ్మ.

"పిల్లొక్కతే చేస్తున్నది గదనే."

"ఒడిబియ్యం నడుముకున్నంతసేపు పొయ్యి కాడికి వోవద్దు. చీపురు ముట్టొద్దు. గిన్నె కడగొద్దు."

"గీ పద్ధతి మా దిక్కు లేదు గద అత్తమ్మా," అన్నాడు అన్నయ్య.

"మీ దిక్కు లేకపోతె ఏంది? గిది తల్లిగారింటి పద్ధతి."

నేను నవ్వు ఆపుకున్నాను. మా అమ్మ నాకు ఒడిబియ్యం పోసినరోజు ఆ మూటతోనే నేను పదిమందికి పూరీలు వత్తాను. ఎవరూ ఏమీ అనలేదు. అట్లాంటి నియమం మా వాళ్లలో ఎవరి ఇంట్లోనూ లేదు. ఆ పొద్దున మా అత్తమ్మ బుర్రలో పుట్టింది.

వదిన తల్లి ముఖంలోకి చూసింది. ఆమెకూ తెలిసిపోయిందని నాకు అనిపించింది.

"మరి నేనేం జెయ్యాలె అవ్వా?"

"పైకి వోయి పండుకో. రైలు ఏళకు లేపుత."

వదిన మెల్లగా మెట్లెక్కింది. కాసేపయ్యాక మంచినీళ్లు పెట్టడానికి పోతే కొత్త పరుపు మీద ఒత్తిగిల్లి పడుకుని ఉంది. ఒక చెయ్యి బియ్యం ముడి మీద ఉంది. అప్పటికే గాఢంగా నిద్రపోయింది.

అత్తమ్మ మెట్ల మీద కాపలా కూర్చుంది. వీధిలో పాత సామాను కొనేవాడు కేక వేయబోతే చెయ్యి ఊపి పంపేసింది. నా కూతురి ఫోన్ లాక్కుంది. అన్నయ్య పెద్దగా నవ్వుతాడని ఆయన్నీ మా ఆయన్నీ చౌరస్తాకు తరిమేసింది. నన్ను మిక్సీ వేయనివ్వలేదు, రోట్లో దంచనివ్వలేదు, కుక్కరు కూత పెడుతుందని కుక్కరూ పెట్టనివ్వలేదు. అన్నం గిన్నెలో వండి, పచ్చిపులుసు పిసికి, పప్పు ఎప్పటికి ఉడుకుతుందా అని పొయ్యి ముందు నిలబడ్డాను. ఒళ్లు మండిపోయింది. బిడ్డకు నిద్ర, కోడలికి చాకిరీ అని నాలో నేనే అనుకున్నాను. కొంచెం పైకే అన్నానేమో కూడా.

వంట అయ్యాక ఊరికే కూర్చోలేక స్టోన్ల పళ్లెం, జిగురు సీసా ముందేసుకున్నాను. ఆ వారం ఇవ్వాల్సిన చీరలు అన్నీ అట్లాగే ఉన్నాయి. అత్తమ్మ మెట్లు దిగొచ్చి నా ముందునుంచి పళ్లెం తీసేసింది.

"నువ్వు గూడ పో. దాని పక్కన జాగ ఉన్నది."

ఆ కోపంలోనే అన్నాను. "నాకెవ్వలు పోసిన్రు అత్తమ్మా ఒడిబియ్యం, పండుకోవడానికి?"

ఆమె స్టోన్ల పళ్లెం గూట్లో పెట్టింది. పీట దగ్గర పళ్లెంలో మిగిలిన పసుపు బియ్యం దోసిట్లోకి తీసుకుంది. నా కొంగు తనే లాగి, అందులో పోసి, ముడి వేసి నా బొడ్లో దోపింది. అత్త కోడలికి ఒడిబియ్యం పోయడం మా వైపు ఎక్కడా లేదు. అది అమ్మ పోయాల్సింది. ముడి వేస్తున్న ఆమె చేతులు చూస్తూ నేను ఏడ్చాను, దాచుకోలేదు.

"గిప్పుడు పోసిన. ఇంక పో," అంది.

పైకి వెళ్లి పరుపు అంచున ఒరిగాను. వదిన కళ్లు తెరవకుండానే జరిగి చోటిచ్చింది. కింద అత్తమ్మ ఒక్కో గిన్నె చప్పుడు కాకుండా కడుగుతోంది.